చేతులు కనబడే చొక్కా

వినపడని పిల్లల బడిలో ఆమెను అందరూ సొట్టబుగ్గ అనే పిలిచేవారు. పిలవడమంటే నోటితో కాదు. చూపుడువేలి కొసను కుడి చెంపకు ఆనించి కాస్త తిప్పితే చాలు, అదే ఆమె పేరు. మాట చెవికి చేరనివాళ్ళు మనుషులకు పేర్లు అలాగే పెట్టుకుంటారు, కంటికి మొదట ఏది తగిలితే దాన్ని పట్టుకుని. టీచర్లు నోటితో చెప్పే పాఠాన్ని అప్పటికప్పుడు సైగల్లోకి మార్చి పిల్లలకు అందించడం ఆమె ఉద్యోగం. దుభాషి అన్నమాట. ఆ పని పదకొండేళ్ళు చేసింది.

ఆ తర్వాత అత్తగారికి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి చచ్చుబడింది, మాట పడిపోయింది. భర్త బస్సు డ్రైవరు, పొద్దు పొడవకముందే డ్యూటీ ఎక్కేవాడు. ‘కొన్నాళ్ళే కదా’ అనుకుని సెలవు పెట్టిన సొట్టబుగ్గ తొమ్మిదేళ్ళు ఇంట్లోనే ఉండిపోయింది. మాట పోయిన అత్తగారికి తనకు తెలిసిన భాషనే నేర్పింది, ఒక్క ఎడమచేతికి సరిపోయేలా కుదించి. మొదటి ఏడాది గడిచేసరికి అత్తగారు మంచినీళ్ళు అడగగలిగింది. రెండో ఏడాదికి శుభ్రంగా తిట్టగలిగింది. ఇప్పుడు చేతికర్ర సాయంతో ఇల్లంతా తిరుగుతూ, తన టీ తనే కాచుకుంటోంది.

అలాంటి రోజుల్లో, దుభాషీలను పంపే ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది.

“ఒక జంట స్కానింగుకి వెళ్ళాలట మేడమ్. ఇద్దరికీ వినపడదు. ఆ అబ్బాయి మీ బడిలోనే చదువుకున్నాడట. మీరు తప్ప ఇంకెవరూ వద్దని భీష్మించుకు కూర్చున్నాడు.”

“నేను మానేసి తొమ్మిదేళ్ళయిందండీ.”

“ఆ మాటే చెప్పాం. చేతులు కూడా మానేస్తాయా అని అడుగుతున్నాడు.”

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వులో ‘సరే’ అనేసింది. 

మర్నాడు ఆఫీసు నుంచి చిరునామా, టైము, వాటి కింద ఒక వాక్యం వచ్చాయి: ‘వృత్తికి తగిన దుస్తుల్లో హాజరు కావలెను.’ సొట్టబుగ్గ ఆ వాక్యం దగ్గరే ఆగిపోయింది. బడిలో ఈ బాధ లేదు. స్టాఫు అందరికీ మీగడ రంగు పొడుగు కోటు ఇచ్చేవారు. పొద్దున తలుపు వెనక మేకు నుంచి తీసి తొడుక్కోవడం, సాయంత్రం మళ్ళీ తగిలించడం, అంతే. ఇక ఈ తొమ్మిదేళ్ళూ నైటీల్లోనే గడిచాయి. పగటి నైటీ, రాత్రి నైటీ, చుట్టాలొస్తే పైన చున్నీ వేసుకునే నైటీ.

ఆమె చెల్లెలు పెద్ద హోటల్లో రిసెప్షనిస్టు. బట్టల విషయంలో ఆ పిల్ల మాటకు ఇంట్లో తిరుగులేదు. సంగతి తెలియగానే పెద్ద సంచీతో ఊడిపడింది. అందులోంచి నల్ల కోటు, నల్ల ప్యాంటు, లోపలికి ముదురు వంకాయరంగు టాపు బయటికొచ్చాయి.

“నలుపైతే సన్నగా కనిపిస్తావక్కా. హుందాగానూ ఉంటుంది. ఏదీ, ఊపిరి బిగబట్టు.”

“ఊపిరి బిగబట్టి సైగలెలా చెయ్యనే?”

“సైగలకి ఊపిరెందుకు? చేతులు చాలుగా!”

మూడో ప్రయత్నానికి బొత్తాం పడింది. అద్దంలో చూసుకున్న సొట్టబుగ్గ నోరు తెరిచింది. అక్కడున్న మనిషి ఎవరో తెలియలేదు. భుజాలు నిటారుగా, నడుము బిగువుగా, ఏ మీటింగు నుంచో ఇప్పుడే లేచి వస్తున్నట్టుంది. ముదురు రంగులు ఆమెకు కొత్త కావు. ఆమెది చామనఛాయ కన్నా ఒక పాలు ఎక్కువే. చిన్నప్పటి నుంచి అమ్మా, పిన్నులూ ‘దీనికి లేతరంగులు కొనకండి, ఇంకా నల్లగా కనిపిస్తుంది’ అంటూనే బట్టలు కొన్నారు. అందుకని ముదురు రంగు వేసుకుంటే ఆమెకు ఏదో గోడ చాటున నిలబడ్డట్టు ధైర్యంగా ఉండేది.

అత్తగారు మంచం మీద నుంచే ఎగాదిగా చూసి, ఎడమచెయ్యి తిప్పింది. ‘లాయరులా ఉన్నావు. నా మీద కేసు పెట్టకు.’

*

ఆసుపత్రి అద్దాల తలుపు దగ్గర కాపలా మనిషి ఆ కోటును చూసి తలుపు తెరిచి పట్టుకున్నాడు. ఇంతకుముందు అత్తగారి చక్రాల కుర్చీ తోసుకుంటూ ఎన్నోసార్లు వచ్చినప్పుడు ఒక్కనాడూ పట్టుకోలేదు. ‘బట్టకి ఇంత బలముందా!’ అనుకుంది లిఫ్టులో.

మూడో అంతస్తు వరండాలో ఒక గడ్డం కుర్రాడు ఆమెను చూడగానే లేచి నిలబడ్డాడు. చెంప మీద వేలు పెట్టి తిప్పాడు.

తొమ్మిదేళ్ళుగా ఆ పేరుతో ఎవరూ పిలవలేదు. 

‘గడ్డం ఎప్పుడొచ్చిందిరా నీకు?’ అని సైగ చేసింది.

‘మీరు వెళ్ళిపోయిన వారానికే. భయం పోయింది కదా!’

బడిలో ఉన్నప్పుడు వాడు పద్నాలుగేళ్ళవాడు, బెంచీ కాళ్ళు ఊడదీసి మళ్ళీ బిగించేవాడు. ఇప్పుడు వడ్రంగి. జుట్టులో సన్నటి రంపపు పొట్టు ఇంకా ఉంది. పక్కన వాడి భార్య, బేకరీలో కేకుల మీద పువ్వులు వేసే అమ్మాయి. మూడో నెల నిండింది. ఆ వెలుతురు వరండాలో ముగ్గురూ అరగంట కబుర్లాడుకున్నారు. సొట్టబుగ్గ చేతులు ఎక్కడా తడుముకోలేదు. మరిచిపోయాననుకున్న మాటలన్నీ వేళ్ళ చివరే ఉన్నాయి.

లోపలికి పిలిచారు. స్కాన్ చేసే డాక్టరమ్మ నడివయసు మనిషి, చకచకా మాట్లాడుతుంది. అమ్మాయిని పడుకోబెట్టి, పొట్ట మీద జెల్ రాసి, చెయ్యి చాచి లైటు ఆర్పేసింది.

గదిలో తెర వెలుగు తప్ప ఇంకేమీ మిగల్లేదు.

“ఇదిగో ఇది తల. ఇది వెన్ను. చెప్పండమ్మా,” అంది డాక్టరమ్మ.

సొట్టబుగ్గ చెప్పింది. ఎంతో చక్కగా చెప్పింది. పడుకున్న అమ్మాయి కళ్ళు చిట్లించింది. తల పక్కకి వంచింది. తర్వాత భర్త వైపు తిరిగి భుజాలెగరేసింది. వడ్రంగి రెండడుగులు ముందుకొచ్చి, సొట్టబుగ్గ ముఖంలో ముఖం పెట్టి చూశాడు.

‘అక్కా, మీ చేతులేవీ?’

ఆమె తల దించి చూసుకుంది. చీకట్లో నల్ల కోటు, కోటు మీద నల్లటి చేతులు. తనకే కనిపించలేదు.

వాడు ఫోన్ లైటు వేశాడు. “వద్దు వద్దు, తెర మీద పడి నాకేమీ కనబడదు,” అంది డాక్టరమ్మ. లైటు వేసి కొంత చెప్పి, ఆర్పి కొంత చూపించి, మళ్ళీ వేసి... ఈ గందరగోళంలో డాక్టరమ్మ ఏదో మీట నొక్కింది. గది నిండా చప్పుడు మొదలైంది. గుర్రప్పిల్ల పరిగెడుతున్నట్టు టకటకటకా. బిడ్డ గుండె. సొట్టబుగ్గ ఒళ్ళు గగుర్పొడిచింది. ఉన్నచోటే నిలబడి వింది. డాక్టరమ్మ నవ్వి, తలూపి, మీట ఆపేసింది. “అంతా బాగుంది. ఐదో నెలలో మళ్ళీ రండి. బయట ఇంకా చాలామంది ఉన్నారు.”

వరండాలోకి వచ్చాక అమ్మాయి నెమ్మదిగా సైగ చేసింది. కోపంగా కాదు. అందుకే ఇంకా గట్టిగా తగిలింది.

‘లోపల మీరిద్దరూ ఏదో విన్నారు. డాక్టరు నవ్వింది. మీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నేను మీ ముఖాలు చూస్తూ పడుకున్నాను. ఏమిటది?’

సొట్టబుగ్గ చెప్పింది. గుండె చప్పుడని చెప్పింది. కానీ అప్పటికి అది జరిగిపోయిన సంగతి.

ఇంటికి తిరిగొచ్చే బస్సులో కోటు విప్పి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆఫీసుకి ఫోన్ చేసి వచ్చేసారి ఇంకెవరినైనా పంపమని చెప్పాలనుకుంది. ఇంతలో ఫోన్ మోగింది. వడ్రంగి పంపిన మెసేజి. ‘ఐదో నెలలో కూడా మీరే. ఈసారి చేతులు తెచ్చుకోండి.’

*

అత్తగారు సంగతంతా విన్నది. ఒకసారి కోడలి చేతులకేసి, ఒకసారి కోటుకేసి చూసి, చేతికర్రతో మంచం కింద ఉన్న రేకుపెట్టెను టంగుమని కొట్టింది.

పక్షవాతం రాకముందు ఆవిడ ముప్ఫయ్యేళ్ళు చొక్కాలు కుట్టింది. ఆ పెట్టె నిండా మిగిలిన బట్ట ముక్కలు, మడతల మధ్య కలరా ఉండలు. ఆవిడ పట్టపగలే కిటికీ తెరలన్నీ వేయించింది. టేబుల్ లైటు ఒక్కటి వెలిగించి, దాని నోరు కోడలి వైపు తిప్పించింది. తను గది చివర కుర్చీలో కూర్చుని, కోడలిని ఒక్కో ముక్కా గుండెల మీద కప్పుకుని సైగల్లో ఏదో ఒకటి చెప్పమంది.

వంకాయరంగు కప్పుకుంటే చేతులు మాయం. ఆకుపచ్చ మీద మసకమసకగా తేలాయి. గళ్ళ బట్ట మీద వేళ్ళు ఎన్నున్నాయో లెక్క తేలలేదు. ‘ఆరో వేలెప్పుడు మొలిచింది?’ అంది అత్తగారు. తెలుపు కప్పుకునేసరికి ఆవిడ కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుంది, కాంతి తిప్పికొడుతోందని.

అప్పుడు లేత నీలం ముక్క తీసింది సొట్టబుగ్గ. వానకు ముందు కాదు, వెలిశాక ఉండే ఆకాశం రంగు. దాన్ని భుజాల మీద పరుచుకుని, ‘ఇది నప్పదు నాకు, నల్లగా కనిపిస్తాను’ అని సైగ చేసింది.

అత్తగారు కదల్లేదు. చాలాసేపు చూసింది. కుర్చీలోంచి మెల్లగా లేచింది.

‘మళ్ళీ చెప్పు.’

‘ఇది నాకు నప్పదు.’

‘మళ్ళీ.’

అనుమానం వచ్చి సొట్టబుగ్గ గోడనున్న అద్దం వైపు తిరిగింది. మసక గదిలో, ఆ లేత నీలం మీద, తన చేతులు ఉన్నాయి. ప్రతి వేలూ విడివిడిగా, ప్రతి కణుపూ గీసినట్టుగా, నల్లరాతిలో చెక్కినట్టు నిగనిగలాడుతూ ఉన్నాయి. వేలు కదిపితే ఆ కదలిక గది చివరిదాకా పోయేలా ఉంది. నలభై మూడేళ్ళుగా ఆ చేతులు ఆమె ఒంటికే ఉన్నాయి. వాటిని అంత బాగా ఆమె ఎన్నడూ చూడలేదు.

చొక్కా కుట్టడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఎడమచేత్తో సుద్దగీత గీసింది అత్తగారు. కత్తెర, కుట్టుమిషను కోడలి పని. బొత్తాలు మెరవకూడదని లోపలి పట్టీలోకి దాచేయించింది. జేబు వద్దంది, చూపు అక్కడ చిక్కుకుంటుందట. చేతులు పైకెత్తినప్పుడు చొక్కా మొత్తం లేవకుండా చంక కింద మరో ముక్క వేయించింది. అది కుట్టేటప్పుడు మూడుసార్లు విప్పించింది. నాలుగోసారి సొట్టబుగ్గ విసుక్కుంది.

“ఎవరు చూస్తారత్తయ్యా చంకలో!”

‘నేను,’ అంది అత్తగారు.

తొడుక్కుని రెండు చేతులూ ఆకాశానికెత్తితే అంచు అంగుళం కూడా కదల్లేదు. సొట్టబుగ్గ ఆవిడ వైపు తిరిగింది. చచ్చుబడిన కుడిచెయ్యి ఒళ్ళో పడి ఉంది. ఆ చేతిలోని ముప్ఫయ్యేళ్ళ పనితనం ఎక్కడికీ పోలేదు, పక్క చేతిలోకి నడిచి వచ్చేసింది. అది తలుచుకుని ఆమె ఆ పడి ఉన్న చేతిని తన చేతుల్లోకి తీసుకుంది.

ఆదివారం చెల్లెలు వచ్చి చూసి ముఖం ముడుచుకుంది.

“ఇదేం రంగక్కా? ఇందులో మరీ నల్లగా కనిపిస్తున్నావు.”

“కనిపిస్తున్నానా?”

“మరీ.”

“హమ్మయ్య,” అంది సొట్టబుగ్గ.

*

ఐదో నెల స్కానింగు నాడు వడ్రంగి చంకలో ఒక పొట్లంతో వచ్చాడు. విప్పితే చిన్న చెక్క స్టాండు, దానికొక బుల్లి దీపం, దీపానికి మూడు వైపులా చెక్క గొడుగు. వెలుగు ముందుకు తప్ప ఎటూ పోదు. డాక్టరమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

“తెర మీద పడదుగా?”

సొట్టబుగ్గ ఆ మాటను చేతుల్లోకి మార్చింది. ‘పడితే విరగ్గొట్టేయమనండి,’ అన్నాడు వడ్రంగి. ఆమె దాన్ని కాస్త మర్యాద చేర్చి, “పడదండీ” అని చెప్పింది.

ఆమె తెర పక్కనే నిలబడింది, పడుకున్న అమ్మాయికి బొమ్మా, చేతులూ ఒకే చూపులో అందేలా. లైటు ఆరింది. చెక్క గొడుగులోంచి వెలుగు వచ్చి సరిగ్గా ఆమె గుండెల మీద వాలింది. చీకటి గదిలో ఒక లేత నీలం చదరం, దాని ముందు రెండు చేతులు.

అమ్మాయి పెదాలు విచ్చుకున్నాయి.

“ఇది ముఖం,” అంది డాక్టరమ్మ. “ఇదిగో ముక్కు. పెదాలు బాగున్నాయి. ఇది చెయ్యి. వేళ్ళు లెక్కపెడదాం.”

తెర మీద బూడిదరంగు పొగలోంచి బియ్యపుగింజలంత వేళ్ళు విప్పుకున్నాయి. సొట్టబుగ్గ తన వేళ్ళు ఒక్కొక్కటే తెరిచింది. ఒకటి. రెండు. మూడు. అక్కడ ఆ చెయ్యి, ఇక్కడ ఈ చెయ్యి. అమ్మాయి చూపు అటూ ఇటూ పరిగెత్తింది. వడ్రంగి గోడకు ఆనుకుని, తెలియకుండానే తన వేళ్ళూ విప్పుకుంటున్నాడు.

“ఇదీ గుండె. నాలుగు గదులూ ఉన్నాయి. చూశారా, ఎలా కొట్టుకుంటోందో!” అని డాక్టరమ్మ మీట నొక్కింది.

చప్పుడు గదిని నింపేసింది.

ఈసారి సొట్టబుగ్గ నిలబడి వినలేదు. ‘గుండె చప్పుడు’ అని ఒక్క సైగ చేసి, ఎడమ అరచెయ్యి గుండెల ముందు చాపి, కుడిచేతి రెండు వేళ్ళను దాని మీద వాల్చింది. చెవిలో పడ్డది పడ్డట్టు వేళ్ళకు వదిలేసింది. టకటకటకా, నిమిషానికి నూట నలభై ఎనిమిది. మొదట్లో వేళ్ళు కాస్త వెనకబడ్డాయి. తర్వాత ఎక్కడో జత కలిసింది. ఆ పైన ఆమె వాటిని ఆడించడం లేదు. తన మణికట్టు చివర తనవి కాని రెండు వేళ్ళు, ఇంకా ఈ లోకంలోకి రాని ఎవరో ఆడిస్తుంటే ఆడుతున్నాయి. చూస్తున్న ఆమెకే భయంలాంటి భక్తి కలిగింది.

అమ్మాయి తెర వంక చూడటం మానేసింది. రెప్ప వేయకుండా ఆ రెండు వేళ్ళనే చూస్తోంది. ఆమె చెయ్యి మెల్లగా పైకి లేచి, గోడ వదిలి పక్కకొచ్చి నిలబడ్డ భర్త ముంజేతిని వెతికి పట్టుకుంది. దాని మీద తన వేళ్ళతో అదే వేగంతో కొట్టడం మొదలుపెట్టింది. వడ్రంగి ఉలిక్కిపడి తన చేతికేసి చూసుకున్నాడు. సొట్టబుగ్గ చేతికేసి చూశాడు. వాడి గడ్డం వణికింది.

డాక్టరమ్మ మీట ఆపలేదు. బయట చాలామంది ఉన్నారనీ అనలేదు.

అంతలో లోపల బిడ్డ ఒళ్ళు విరిచినట్టు కదిలింది. చప్పుడు ఒక్కసారిగా జోరందుకుంది. సొట్టబుగ్గ వేళ్ళూ జోరందుకున్నాయి. అది తెలియగానే అమ్మాయి పడుకున్న చోటునుంచే తల పైకెత్తింది. కళ్ళు చేటలంతయ్యాయి. పట్టుకున్న భర్త చెయ్యి వదిలేసి గబగబా సైగ చేసింది.

‘పరిగెడుతోంది! ఇప్పుడు పరిగెడుతోంది!’

“ఏమంటోంది?” అడిగింది డాక్టరమ్మ.

సొట్టబుగ్గ చేతులకు తీరిక లేదు. నోరు ఒక్కటే ఖాళీ. “బిడ్డ పరిగెడుతోందంటోందండీ,” అంది. 

“కదిలితే గుండె వేగం పెరుగుతుంది. నిజమే.” డాక్టరమ్మ తెర వైపు చూసింది, సొట్టబుగ్గ చేతుల వైపు చూసింది. “పదహారేళ్ళుగా ఈ గదిలో ఈ చప్పుడు వింటున్నానమ్మా. చూడటం ఇదే మొదటిసారి.”

నెమ్మదిగా వేగం తగ్గింది. వేళ్ళూ తగ్గాయి. ఆ తగ్గడం కూడా అమ్మాయి పట్టేసింది. ‘అలిసిపోయింది పాపం’ అని సైగ చేసి నవ్వింది. నవ్వుతూ ఏడ్చింది.

బయటికొచ్చాక ముగ్గురూ ఏమీ మాట్లాడుకోలేదు. మాట్లాడుకునే మనుషులకు చేతులు కావాలి, ఆ చేతులన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. లిఫ్టు తలుపులు మూసుకుంటుండగా వడ్రంగి చెంప మీద వేలు పెట్టి తిప్పాడు. పక్కనున్న అమ్మాయీ అలాగే చేసింది.

సొట్టబుగ్గ వరండా బెంచీ మీద కూలబడింది.  ఎదురుగా మనుషులు వస్తూ పోతూ ఉన్నారు. ఒక్కొక్కరి చొక్కా కింద, కోటు కింద, నైటీ కింద ఆ గుర్రప్పిల్ల ఒకటి పరిగెడుతూనే ఉంటుంది కదా అనిపించి, కాసేపు అందరినీ అలా చూస్తూనే ఉండిపోయింది. కాఫీ కప్పుతో పోతున్న ఒక నర్సు, “ఎవరికోసమైనా చూస్తున్నారా?” అని అడిగింది. కాదని తలూపింది.

ఫోన్ మోగింది. ఆఫీసు.

“ఎల్లుండి కోర్టులో ఒక సాక్షి ఉన్నాడు మేడమ్. వినపడదు. పెద్ద కేసు. మీకు వీలవుతుందా?”

“వస్తాను,” అంది సొట్టబుగ్గ. “ఆ హాల్లో వెలుతురు ఎటునుంచి వస్తుందో, సాక్షి ఎక్కడ నిలబడతాడో కనుక్కుని చెప్పండి.”

“అవన్నీ ఎందుకండీ?”

“నేనేం వేసుకోవాలో తెలియాలిగా,” అంది ఆమె, లేచి మెట్ల వైపు నడుస్తూ.